ఎఫ్‌ఎన్‌పీ విద్యార్థులకు మానసిక ఆరోగ్యం: మూడు వారాల్లో ఏం చెప్పాలి, ఏం వదిలేయాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: టెక్సస్‌లో ఒక యూనివర్సిటీలో వచ్చే సెమిస్టర్ ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ (ఎఫ్‌ఎన్‌పీ, అంటే పేషెంట్లని పరీక్షించి మందులు రాసేలా పైచదువు చదివిన నర్సు) విద్యార్థులకు బిహేవియరల్ హెల్త్, అంటే మానసిక ఆరోగ్యం, చెప్పమన్నారు. ఇచ్చింది మూడు వారాలు. మీరేమో ఇన్నేళ్లూ కార్డియాలజీ క్లినిక్‌లో పనిచేశారు. చేతికొచ్చిన పాత స్లైడ్లన్నీ డీఎస్‌ఎమ్‌లోని (మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే పుస్తకం) జబ్బుల వరుసే. సైకియాట్రీ క్లినికల్ పోస్టింగులు దొరకడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ప్రైమరీ కేర్‌లో పనిచేస్తూ చాలా ఏళ్లుగా ఎన్‌పీ విద్యార్థులకు ఇదే చెబుతున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ముందు సూటిగా జవాబు: ఆ స్లైడ్లు ఇంటి దగ్గర చదువుకోమని ఇచ్చేయండి. డిప్రెషన్‌కి తొమ్మిది లక్షణాలు, అందులో కనీసం ఐదు, రెండు వారాల పాటు ఉండాలి అన్నది వాళ్లు మీ సాయం లేకుండానే నేర్చుకుంటారు, పరీక్ష కూడా పాసవుతారు. వాళ్లకి రానిది వేరే ఉంది. పేషెంటు "అవును, అలా అనిపిస్తోంది" అన్నాక వచ్చే పది నిమిషాల్లో ఏం చేయాలో వాళ్లకి తెలీదు. మీ క్లాసు టైమంతా ఆ పది నిమిషాలకే పెట్టండి.

మొదటి రోజు మీకు ఎదురయ్యే మాట ఒకటుంది. "నేను సైకియాట్రీ వైపు వెళ్లడం లేదు కదా, నాకెందుకు ఇదంతా?" పైకి అనకపోయినా ముఖాల్లో కనిపిస్తుంది. సైకియాట్రిక్ ఎన్‌పీకి వేరే కోర్సు, వేరే సర్టిఫికేషన్ ఉన్న మాట నిజమే. కానీ నిద్ర పట్టని మనిషి నేరుగా సైకియాట్రిక్ ఎన్‌పీ దగ్గరికి వెళ్లడు. మీ విద్యార్థి దగ్గరికే వస్తాడు, అదీ నిద్ర గురించి కాదు, నడుం నొప్పి గురించి. రిఫరల్ రాసినా అపాయింట్‌మెంట్ దొరికేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో ఆ మనిషికి వైద్యం చేసేది ఎవరు? ఈ మాట ఉపన్యాసంగా చెబితే ఎక్కదు. దాని బదులు వాళ్ల పాత క్లినికల్ లాగ్‌లు తెరవమనండి. షుగర్ ఎంతకీ అదుపులోకి రానివాళ్లు, తలనొప్పితో పదేపదే వచ్చేవాళ్లు, నిద్రమాత్ర రీఫిల్ అడిగేవాళ్లు ఎంతమందో గుర్తుపట్టమనండి. అందులో ఎంతమందిని మనసు సంగతి అడిగారో చెప్పమనండి. క్లాసు నిశ్శబ్దమైపోతుంది.

ఇక్కడ మీ కార్డియాలజీ అనుభవం వృథా కాదు, నా లెక్కలో అదే మీ బలం. గుండె దడతో మూడుసార్లు ఎమర్జెన్సీకి వెళ్లి, ఈసీజీ, ట్రోపోనిన్, హోల్టర్ అన్నీ నార్మల్‌గా వచ్చి, "మీకేం లేదు" అనిపించుకుని ఇంటికెళ్లిన పానిక్ పేషెంట్లను మీరు ఎంతమందిని చూసి ఉంటారు? హార్ట్ ఎటాక్ వచ్చాక మందులు సరిగ్గా వేసుకోకుండా, నడకకి వెళ్లకుండా కూర్చుండిపోయే మనిషిని చూసే ఉంటారు. మొదటి కేసు అదే పెట్టండి. సైకియాట్రీ టీచరు చెప్పినదానికంటే కార్డియాలజీ మనిషి చెబితే వాళ్లు ఎక్కువ నమ్ముతారు.

మీ విద్యార్థుల్లో ఎక్కువమంది ఐసీయూ, ఎమర్జెన్సీ, మెడ్‌సర్జ్ ఫ్లోర్ల నుంచి వచ్చేవాళ్లే. అక్కడ వాళ్లు చూసిన మానసిక ఆరోగ్యం అంటే సైక్ కన్సల్ట్ పిలవడం, పక్కన సిట్టర్‌ని కూర్చోబెట్టడం, గదిలోంచి ప్రమాదకరమైన వస్తువులు తీసేయడం. అందుకని ఆత్మహత్య అన్న మాట వినగానే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. క్లినిక్‌లో ఆ మాట అన్న ప్రతి మనిషినీ ఎమర్జెన్సీకి పంపితే ఆ మనిషి ఇంకెప్పుడూ నిజం చెప్పడు. ఇంకో సంగతి, మంచి నర్సులకి చేతులు ఖాళీగా ఉండవు. ఏదో ఒకటి చేయాలి. ఎదుటి మనిషి ఏడుస్తుంటే టిష్యూ ఇచ్చి, నీళ్లిచ్చి, భుజం తట్టి, "అంతా సర్దుకుంటుంది" అనేస్తారు. ఊరికే కూర్చుని వినడం వాళ్లకి అన్నింటికంటే కష్టమైన పని. బీఎస్సీ నర్సింగ్‌లో ప్రాసెస్ రికార్డింగ్ రాసిన గుర్తు చాలామందికి ఉంటుంది: పేషెంటు ఏమన్నాడు, నేనేమన్నాను, నాకేమనిపించింది అని మూడు గళ్లుగా రాసేది. 1950లలో హిల్డెగార్డ్ పెప్లౌ నర్సు-రోగి సంబంధం గురించి చెప్పిన దారిలోంచి వచ్చిన పద్ధతి అది. పాతకాలపుదని తీసిపారేయకండి. ఐదు నిమిషాల సంభాషణని అలా రాయిస్తే, తాము ఎక్కడ మాట మార్చారో వాళ్లకే దొరికిపోతుంది.

ఇక అసలు క్లాసు. స్టాండర్డైజ్డ్ పేషెంటుతో, అంటే పేషెంటుగా నటించడానికి శిక్షణ ఇచ్చిన మనిషితో, ఇరవై నిమిషాల విజిట్ పెట్టండి. నేను ఇచ్చే కేసు ఇలా ఉంటుంది. 46 ఏళ్ల మనిషి, మోకాలి నొప్పికి వచ్చాడు, షుగర్ ఉంది. మెడికల్ అసిస్టెంట్ పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల కాగితం) నింపించి పెట్టింది. మొత్తం స్కోరు 14. తొమ్మిదో ప్రశ్నకి, అంటే చచ్చిపోతే బాగుండు అనో, తనకి తాను హాని చేసుకోవాలనో అనిపించిందా అన్నదానికి, 1 వేశాడు, "కొన్ని రోజులు" అని. విద్యార్థి చేతిలో ఆ కాగితం తప్ప ఇంకేం ఉండదు.

ఏం జరుగుతుందో చెబుతాను. సగంమంది మోకాలితో మొదలుపెట్టి మోకాలితోనే ముగిస్తారు. స్కోరు గురించి చివరి రెండు నిమిషాల్లో, తలుపు వైపు నడుస్తూ అడుగుతారు. ఇంకొందరు కంప్యూటర్ వైపు చూస్తూ, గొంతు తగ్గించి, "చనిపోవాలని, అలాంటి ఆలోచనలేం లేవు కదా?" అంటారు. అలా అడిగితే ఎవరైనా "అబ్బే, లేవు" అనే అంటారు. వీడియో తీసి ఆ ఒక్క వాక్యాన్ని మళ్లీ వేసి చూపించండి. మీరు ఏమీ అనక్కర్లేదు. తర్వాత మళ్లీ అడిగించండి, కూర్చుని, కీబోర్డు వదిలేసి, మామూలు గొంతుతో: "ఈ కాగితంలో కొన్ని రోజులు అలా అనిపించిందని రాశారు. దాని గురించి కొంచెం చెప్పండి." అని ఆగాలి. ఆగడమే ఇక్కడ పాఠం. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం చాలామందిలో ఉంటుంది. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి, ఆ సంగతి క్లాసులో మొదట్లోనే తేల్చేయండి.

ఆ తర్వాతి మెట్లకు కొలంబియా స్కేల్ (ఆత్మహత్య ప్రమాదం ఎంతుందో చూసే ప్రశ్నల వరుస) వాడండి. దానికో వరుస ఉంది: చనిపోతే బాగుండు అనుకున్నారా, నిజంగా ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా. రెండోదానికి అవునంటే, ఎలా అన్నది ఆలోచించారా, చేయాలన్న ఉద్దేశం ఉందా, ప్లాన్ ఏమైనా వేసుకున్నారా. రెండోదానికి కాదంటే నేరుగా చివరి ప్రశ్న, గతంలో ఎప్పుడైనా ప్రయత్నించారా, సిద్ధపడ్డారా అని. ఈ వరుస నోటికి వచ్చేదాకా చేయించాలి, కాగితం చూసి చదివితే ఇంటరాగేషన్‌లా ఉంటుంది. చనిపోతే బాగుండు అని అప్పుడప్పుడూ అనిపించడానికీ, మాత్రలు పోగేసి పెట్టుకోవడానికీ ఉన్న తేడా విద్యార్థికి అప్పుడే తెలుస్తుంది. ఎవరిని ఇవాళే ఎమర్జెన్సీకి పంపాలి, ఎవరిని సేఫ్టీ ప్లాన్‌తో ఇంటికి పంపి రెండు రోజుల్లో ఫోన్ చేయాలి అన్నది దాన్ని బట్టే.

సేఫ్టీ ప్లాన్ అంటే స్టాన్లీ, బ్రౌన్ తయారుచేసిన ఆరు మెట్ల కాగితం. మీకు ముందుగా తెలిసే సూచనలేంటి, ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేస్తే మనసు మళ్లుతుంది, ఎవరి మధ్యకి లేదా ఎక్కడికి వెళితే బాగుంటుంది, సాయం ఎవరిని అడగగలరు, ఏ డాక్టరు, ఏ హెల్ప్‌లైన్, చివరికి ఇంట్లో ప్రమాదకరమైన వస్తువుల సంగతి. ప్రతి గడిలోనూ పేషెంటు మాటలే ఉండాలి. "మ్యూజిక్ వింటాను" అని విద్యార్థి తన తరఫున రాసేస్తే అది దండగ. 2022 జూలైలో 988 హెల్ప్‌లైన్ నంబరు (ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకి) అమెరికా అంతటా మొదలైంది, దాన్ని పేషెంటు ఫోన్‌లో అక్కడికక్కడే సేవ్ చేయించమనండి. "ఏమీ చేసుకోను" అని సంతకం పెట్టించుకునే పాత పద్ధతి కొన్ని చోట్ల ఇంకా ఉంది. అది పనిచేస్తుందన్న ఆధారం లేదు, పెట్టించొద్దని గట్టిగా చెప్పండి.

చివరి మెట్టు టెక్సస్‌లో చాలా ముఖ్యం. అమెరికాలో ఆత్మహత్యల్లో సగానికి పైగా తుపాకీతో జరిగేవే. మన ఊళ్లో ఇంట్లో పురుగుమందు డబ్బా ఎక్కడ పెడతారని అడగాల్సినట్టే, ఇక్కడ తుపాకీ ఉందా, తాళంలో ఉందా, కొన్నాళ్లు వేరేచోట ఉంచగలరా అని అడగాలి. మన తెలుగు పిల్లలకి ఈ ప్రశ్న అడగడం మొహమాటం. తుపాకుల మధ్య పెరిగిన టెక్సస్ పిల్లలకి వేరే మొహమాటం, రాజకీయం అనుకుంటారేమోనని. ఇద్దరిచేతా ప్రాక్టీస్ చేయించండి.

పీహెచ్‌క్యూ-9 స్కోరు 10 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వచ్చిందంటే డిప్రెషన్ అని తేలిపోయినట్టు కాదు, ఇంకా చూడాలి అని. ఇది చెప్పడానికి ఎక్కువ టైమ్ అక్కర్లేదు కానీ ఒక్క సంగతి మాత్రం వదలొద్దు: ఏ ఎస్‌ఎస్‌ఆర్‌ఐ (సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందు) రాసే ముందైనా బైపోలార్ గురించి అడగాలి. "ఎప్పుడైనా వరసగా కొన్ని రోజులు మూడు నాలుగు గంటలే నిద్రపోయి కూడా అలసట లేకుండా, మామూలు కంటే ఎక్కువ హుషారుగా గడిపారా? ఇంట్లోవాళ్లు ఏమైనా అన్నారా?" అని. కుటుంబంలో ఎవరికైనా ఉందా అన్నది కూడా. దాంతోపాటు థైరాయిడ్, రక్తం, బీ12, మద్యం, స్లీప్ ఆప్నియా చూడాలి. ఇవి మీవాళ్లకి ఎలాగూ బాగా వచ్చు.

మందుల వారానికి నా సలహా: తక్కువ మందులు, లోతుగా. సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్, బుప్రోపియాన్, మిర్టజపిన్ చాలు. పాతిక మందుల పట్టిక ఇస్తే అన్నీ కలగాపులగం అవుతాయి. సెర్ట్రలిన్ ఒక్కటి పూర్తిగా చేయించండి: ఆందోళన ఎక్కువున్నవాళ్లకి 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత 50, అవసరాన్ని బట్టి 200 దాకా. మొదటి వారం వికారం, విరేచనాలు రావచ్చు, మనసు తేలికపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు, లైంగిక ఇబ్బందులు రావచ్చు, ఉన్నట్టుండి ఆపకూడదు. ఇవన్నీ పేషెంటుకి అర్థమయ్యే మాటల్లో, రెండు నిమిషాల్లో చెప్పడం ఒక పరీక్షగా పెట్టండి. లైంగిక సమస్యల మాట దగ్గర సగంమంది గొంతు పెగలదు. 24 ఏళ్ల వరకు ఉన్నవాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చని ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) బాక్స్ హెచ్చరిక ఉంది, అందుకే మొదటి రెండు వారాల్లోపే ఫోన్ చేయాలి. వయసు పైబడినవాళ్లలో సోడియం తగ్గొచ్చు. 60 దాటినవాళ్లకి సిటాలోప్రామ్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు, క్యూటీ (గుండె లయకి సంబంధించిన ఈసీజీ కొలత) సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మూర్ఛలున్నవాళ్లకి, ఈటింగ్ డిజార్డర్ ఉన్నవాళ్లకి బుప్రోపియాన్ వద్దు.

అయితే ప్రైమరీ కేర్‌లో నేను ఎక్కువగా చూసే తప్పు మందు ఎంపికలో కాదు. 50 మిల్లీగ్రాముల సెర్ట్రలిన్ మొదలుపెట్టి, ఆరు నెలలు అలాగే వదిలేసి, "పనిచేయడం లేదు" అని రిఫరల్ రాయడం. బీపీ మందు అలా వదలరు కదా! నాలుగు వారాలకి మళ్లీ పీహెచ్‌క్యూ-9 చేయాలి, ఐదు పాయింట్లయినా తగ్గిందా చూడాలి, తగ్గకపోతే డోసు పెంచాలి, 5 కన్నా కిందికి వచ్చేదాకా వెంటపడాలి. ఒకే పేషెంటు నాలుగు విజిట్లుగా సాగే కేసు రాసి, క్లాసు క్లాసుకీ ఒక విజిట్ చేయించండి. మొదటి విజిట్ అందరూ బాగానే చేస్తారు. మూడోదాంట్లో తెలుస్తుంది ఎవరు క్లినీషియనో.

అడిక్షన్ గురించి ఒక్క ముక్క. బ్యుప్రనార్ఫిన్ (ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే మందు) రాయడానికి ఒకప్పుడు ఎక్స్-వేవర్ అనే ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చేది. 2022 డిసెంబర్ చివర్లో వచ్చిన చట్టంతో అది పోయింది. 2023 జూన్ నుంచి డీఈఏ (నియంత్రిత మందులు రాయడానికి అనుమతి ఇచ్చే అమెరికా సంస్థ) రిజిస్ట్రేషన్‌కి ఎనిమిది గంటల శిక్షణ అడుగుతున్నారు. దాన్ని మీ కోర్సులోనే కలిపే వీలుందేమో ప్రోగ్రామ్ డైరెక్టర్‌తో మాట్లాడండి. ఏడీహెచ్‌డీ గురించి ఎక్కువసేపు చెప్పకండి, టెక్సస్‌లో మామూలు క్లినిక్‌లో ఎన్‌పీలు షెడ్యూల్ 2 మందులు (ఏడీహెచ్‌డీకి వాడే స్టిమ్యులెంట్లు అందులోవే) రాయలేరు. గుర్తుపట్టడం, సరైన చోటికి పంపడం వస్తే చాలు.

పోస్టింగుల బెంగ పెట్టుకోకండి. సైకియాట్రీ క్లినిక్ దొరకకపోతే ఏం, వాళ్లు ఎలాగూ ఫ్యామిలీ క్లినిక్‌లో గంటలు చేస్తున్నారు కదా. 2022లో వచ్చిన ప్రమాణాల ప్రకారం కనీసం 750 గంటలు పేషెంట్లతో గడపాలి. ఆ గంటల్లోనే వారానికి ఒక కేసు మనసుకి సంబంధించింది పూర్తిగా తామే చూసి రాయాలని పెట్టండి. ప్రిసెప్టర్లకి (క్లినిక్‌లో విద్యార్థిని పక్కనుంచుకుని నేర్పేవాళ్లకి) ముందే ఒక ఈమెయిల్ రాయండి, లేకపోతే టైమ్ లేదని వాళ్లే ఆ పేషెంటుని చూసేస్తారు. మీ ఊళ్లో కమ్యూనిటీ హెల్త్ సెంటర్ ఉంటే అక్కడి సోషల్ వర్కర్ పక్కన ఒక పూట కూర్చోబెట్టండి. కొలాబరేటివ్ కేర్ నడిపే క్లినిక్ అయితే ఇంకా మంచిది: కేర్ మేనేజర్ పేషెంట్ల స్కోర్ల పట్టిక ముందేసుకుని సైకియాట్రిస్టుతో వారం వారం మాట్లాడుతుంది, మందు రాసేది ప్రైమరీ కేర్ మనిషే. 2002లో ఇంపాక్ట్ అన్న పెద్ద అధ్యయనం దీని ఫలితాన్ని పెద్ద వయసువాళ్లలో చూపించింది. ఆ గంట మీటింగ్ విన్న విద్యార్థికి రిఫరల్ అంటే వదిలించుకోవడం కాదని అర్థమవుతుంది.

మన తెలుగు పేషెంట్ల గురించి కూడా అడిగారు. డాలస్ చుట్టుపక్కల అయితే మీ విద్యార్థులకి తప్పకుండా తగులుతారు. ఒక కేసు చెబుతాను, ఇలాంటివి తరచూ చూస్తాం. కొడుకు దగ్గరికి ఆరు నెలలకని వచ్చిన అమ్మ. "గ్యాస్ పైకి తన్నుతోంది, ఒళ్లంతా మంటలు, రాత్రుళ్లు నిద్ర లేదు" అంటుంది. కొడుకు ఇంగ్లిష్‌లో "యాసిడిటీ" అని ఒక్క మాటలో చెప్పేస్తాడు. బీపీ, షుగర్ మాత్రలతో పాటు సంచిలో ఇంకో స్ట్రిప్ ఉంటుంది, "నరాల బిళ్ల" అంటుంది. అది చాలాసార్లు ఎస్సిటాలోప్రామ్, క్లోనజిపామ్ కలిపిన మాత్ర. మన దగ్గర ఇది మామూలుగా రాస్తారు, అమెరికాలో ఇలా కలిపిన మాత్ర ఉండదు కాబట్టి విద్యార్థికి పేరు చూసినా తెలీదు. తెచ్చుకున్న స్ట్రిప్పులు అయిపోయి, రెండు వారాలుగా వేసుకోవడం లేదు. మాత్ర ఉన్నట్టుండి ఆగిపోయింది, ఆ దడ, ఆ వణుకు, ఆ నిద్రలేమి ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా. సంచి బోర్లించి ప్రతి స్ట్రిప్ వెనకా ఉన్న జెనరిక్ పేరు చదవాలి, ఇది ఒక్కటి నేర్పితే చాలు.

కొడుకుని బయట కూర్చోమని చెప్పి ఇంటర్‌ప్రెటర్‌ని ఫోన్‌లో తీసుకోవాలి. కోడలి మీద, కొడుకు మీద ఉన్న బాధ కొడుకు నోటితో ఎలా బయటికొస్తుంది? బాలింత విషయంలోనూ అంతే, ఎడిన్‌బరో స్కేల్ (కాన్పు తర్వాత డిప్రెషన్‌ని చూసే ప్రశ్నల కాగితం) అత్తగారి ఎదురుగా నింపిస్తే సున్నాలే వస్తాయి. "డిప్రెషన్" అనగానే "నేనేమైనా పిచ్చిదాన్నా" అంటారు, హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకి మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ అన్న పేరే ఒక తిట్టు. అలాగని "సౌత్ ఏషియన్లు ఇంతే" అని ఒక స్లైడ్ మాత్రం పెట్టకండి. డీఎస్‌ఎమ్-5లోనే కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్వ్యూ అని పదహారు ప్రశ్నలున్నాయి. మీకున్న ఇబ్బందిని మీరేమంటారు, ఎందుకొచ్చిందనుకుంటున్నారు, మీ ఇంట్లోవాళ్లు ఏమనుకుంటున్నారు అని. అవి టెక్సస్ రాంచ్ మనిషికీ పనికొస్తాయి, గుంటూరు అమ్మకీ పనికొస్తాయి. ఆవిడ తిరిగి ఇండియా వెళ్లేటప్పుడు టెలీ-మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416 రాసివ్వండి. అది ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంకో జాగ్రత్త. ఆత్మహత్య కేసు చేసే రోజు ముందే చెప్పండి, కష్టమనిపించినవాళ్లు బయటికి వెళ్లొచ్చని, మార్కులు పోవని. ఇరవై మంది నర్సులున్న గదిలో ఇది సొంత ఇంట్లో జరిగినవాళ్లు ఉండే అవకాశం ఎక్కువ. క్లాసయ్యాక పావుగంట ఊరికే మాట్లాడుకోవడానికి ఉంచండి. ఎవరైనా మీ దగ్గరికి వచ్చి సొంత బాధ చెప్పుకుంటే వినండి, కౌన్సెలింగ్ సెంటర్‌కి దగ్గరుండి పంపండి. మీరు వాళ్లకి మార్కులు వేసే మనిషి, వాళ్ల థెరపిస్టు కాలేరు.

స్టాండర్డైజ్డ్ పేషెంట్లకి బడ్జెట్ లేదంటే డిపార్ట్‌మెంట్‌లో వాదించండి. మొత్తం సెమిస్టర్‌లో దీనికి పెట్టినంత డబ్బు దేనికి పెట్టినా ఇంత ఫలితం రాదు. అప్పటికీ కుదరకపోతే యూనివర్సిటీ థియేటర్ డిపార్ట్‌మెంట్‌ని అడగండి, కేసు స్క్రిప్టు ఇచ్చి రెండు రిహార్సల్స్ చేయిస్తే చక్కగా చేస్తారు. క్లాస్‌మేట్‌నే పేషెంటుగా కూర్చోబెట్టడం మోకాలి నొప్పి వరకు పర్వాలేదు కానీ తొమ్మిదో ప్రశ్న దగ్గర ఇద్దరూ నవ్వేస్తారు, లేదా ఒకళ్లు నిజంగానే ఏడుస్తారు. సిలబస్ డ్రాఫ్ట్ అయ్యాక ఇక్కడే పెట్టండి, నాలుగు విజిట్ల కేసు నాది పంపుతాను, మీ పేషెంట్లకి తగ్గట్టు మార్చుకోండి.